మాట రానప్పుడు పాట పుస్తకం

నాకు స్ట్రోక్ వచ్చింది మెదడు ఎడమవైపున. రక్తనాళంలో గడ్డ అడ్డుపడటంతో కుడి చెయ్యి, కుడి కాలు పట్టు తప్పాయి. ఫిజియోథెరపీ మొదలెట్టాక కాలు త్వరగానే దారికొచ్చింది, చెయ్యి కొంచెం ఆలస్యంగా. దాని గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు. నన్ను కుదిపేసింది మాట పోవడం.

ఎదుటివాళ్లు అనేదంతా తెలుస్తోంది. చెప్పాల్సింది కూడా మనసులో స్పష్టంగా ఉంది. నోరు తెరిస్తే మాత్రం "అది... అది..." తప్ప ఇంకో ముక్క రాదు. మంచినీళ్లు కావాలన్నా వేలు చూపించాల్సిందే. చూడ్డానికి వచ్చినవాళ్లలో కొందరు నాకేదో చెవుడు వచ్చినట్టు గట్టిగా అరిచి మాట్లాడేవారు. ఇంకొందరు నా ఎదురుగానే "ఆయనకి తెలుస్తోందా అమ్మా?" అని మా ఆవిడని అడిగేవారు. తెలుస్తోందని చెప్పలేని స్థితిలో ఆ ప్రశ్న వినడం ఎంత కష్టమో పడ్డవాళ్లకే తెలుసు.

దీన్ని అఫేజియా అంటారని స్పీచ్ థెరపిస్ట్ చెప్పారు. స్ట్రోక్ వచ్చినవాళ్లలో దాదాపు మూడోవంతు మందికి ఇది ఎంతో కొంత ఉంటుందట. నాది బ్రోకా రకం. 1861లో పాల్ బ్రోకా అనే ఫ్రెంచ్ డాక్టరు, "టాన్" అనే ఒక్క శబ్దం తప్ప పలకలేని రోగిని చూశాడు. ఆ రోగి చనిపోయాక మెదడు పరీక్షిస్తే దెబ్బ ఎడమవైపు ముందుభాగంలో కనిపించింది. ఈ రకంలో అర్థం చేసుకునే శక్తి చాలావరకు అలాగే ఉంటుంది, మాటలు కూర్చి పలకడమే దెబ్బతింటుంది. అది విన్నాక నాకు సగం టెన్షన్ తగ్గింది. తెలివి ఎక్కడికీ పోలేదని ఒకరు పైకి అనడం అప్పుడు నాకు చాలా అవసరం.

మా మనవరాలు అప్పటికి అక్షరాలు కూడబలుక్కుంటోంది. దానికి పాట పుస్తకాలంటే ప్రాణం. పాట పుస్తకమంటే బోలెడు పాటలు ఒకచోట అచ్చువేసింది కాదు. పుస్తకమంతా ఒకే పాట. పేజీకి ఒక వరుస, ఆ వరుసకో బొమ్మ. చదవడమంటే పాడటమే. ఒకరోజు మంచం మీద నా ఎడమపక్కన కూర్చుని, నాతో అంతకుముందు ఎన్నోసార్లు పాడించిన ఉడుత పుస్తకం తెరిచింది. మొదటి పేజీలో "చిట్టి ఉడుత చెట్టెక్కింది" అని ఉంటుంది. ఒక్కో అక్షరం కింద వేలు పెడుతూ "చిట్టి ఉడుత" దాకా పాడి, తర్వాతి మాటలో వరసగా వచ్చే వత్తులు చూసి ఆగిపోయింది. ఆ ఖాళీలోకి నా గొంతులోంచి "చెట్టెక్కింది" అని రాగంతో సహా వచ్చేసింది. మా ఆవిడ చేతిలో పని వదిలేసి గుమ్మంలోనే నిలబడిపోయింది. పిల్లకి మాత్రం అందులో వింతేమీ కనిపించలేదు. "తాతయ్యా, పేజీ తిప్పు" అంది.

ఎడమచేత్తో తిప్పాను. తర్వాతి వరుస కూడా వచ్చింది.

ఈ సంగతి థెరపిస్ట్‌కి చెబితే సంతోషించారు కానీ ఆశ్చర్యపోలేదు. మాట పడిపోయినవాళ్లు పాట పాడగలగడం పాత విషయమేనట. 1745లోనే స్వీడన్‌లో ఓలోఫ్ డాలిన్ అనే ఆయన, "అవును" అనే మాట తప్ప రాని ఒక మనిషి తనకు ముందే వచ్చిన ప్రార్థనాగీతాలు చక్కగా పాడటం చూసి రాసిపెట్టాడు. మాట్లాడే పని ఎక్కువమందిలో ఎడమ మెదడుది. రాగం, పాట విషయంలో కుడివైపు కూడా బాగా పాలుపంచుకుంటుంది. పైగా అంకెలు, వారాల పేర్లు, కంఠతా వచ్చిన పాటలు ఏ మాటకు ఆ మాట వెతుక్కుని పలికేవి కావు, ఒకటి పట్టుకుంటే మరొకటి దానంతటదే వస్తుంది. రాగం కన్నా లయ, నోటికి అలవాటైన మాటలే ఎక్కువ సాయపడతాయని 2011లో జర్మనీలో పరిశోధించినవాళ్లు తేల్చారు. నా అనుభవంలో రెండూ కావాల్సి వచ్చాయి. తాళం లేకపోతే మొదలుపెట్టలేను, రాగం లేకపోతే పూర్తిచెయ్యలేను.

ఇంకో మాట కూడా థెరపిస్ట్ ఆరోజే చెప్పారు, దాన్ని అఫేజియా ఉన్న ప్రతి ఇంట్లోవాళ్లూ వినాలని నా కోరిక. పాట మొత్తం పాడగలిగినంత మాత్రాన మాట్లాడటం వచ్చేయదు. "చెట్టెక్కింది" అనగలిగిన నోరే గంట తర్వాత "నొప్పి" అనలేకపోవచ్చు. పాటలోంచి మాటలోకి దిగడానికి మెట్లు కట్టుకోవాలి. ఆ మెట్ల పేరు మెలోడిక్ ఇంటోనేషన్ థెరపీ. 1973లో బోస్టన్‌లో మార్టిన్ ఆల్బర్ట్, రాబర్ట్ స్పార్క్స్, నాన్సీ హెల్మ్ దీన్ని బయటపెట్టారు. 2011లో తలకి తూటా తగిలి మాట పోయిన అప్పటి అమెరికా కాంగ్రెస్ సభ్యురాలు గాబ్రియెల్ గిఫర్డ్స్ కోలుకోవడంలోనూ పాటతో చేసే చికిత్సకి చోటుంది.

నాకు చేయించింది ఇలా ఉండేది. "నీళ్లు కావాలి" అనే చిన్న వాక్యాన్ని రెండే స్వరాల మీద, ఒకటి కింద, ఒకటి పైన పెట్టుకుని, ముందు థెరపిస్టూ నేనూ ఊరికే కూనిరాగం తీస్తాం. ఆమె నా ఎడమచేతిని పట్టుకుని అక్షరానికొక దెబ్బ చొప్పున బల్ల మీద వేయిస్తారు. తర్వాత మాటలతో కలిసి పాడతాం. మధ్యలో ఆమె గొంతు తగ్గించేస్తారు, నేను ఒక్కడినే కొనసాగించాలి. అది కుదిరాక "ఏం కావాలి?" అని అడుగుతారు, నేను పాడుతూ జవాబు చెప్పాలి. చివరికి రాగం కొద్దికొద్దిగా తీసేసి మామూలు మాటగా పలకాలి. చెప్పడానికి తేలికే. "కా" దగ్గర పెదాలు కదలకుండా నిలబడిపోయిన రోజుల్లో చెమటలు పట్టేవి.

మెట్లు అక్కడ కడితే, ఎక్కడం దిగడం ఇంట్లో మనవరాలితో. ఉడుత పాట వరసలోనే మా అమ్మాయి కొత్త మాటలు పెట్టింది. "చిట్టి ఉడుత చెట్టెక్కింది" ఉన్నచోట "తాతయ్యకి నీళ్లు కావాలి". తర్వాతి వరుసలో "కిటికీ కొంచెం తెరవాలి". రోజూ వాడే మాటలే, ఒక్కో కాగితం మీద ఒక్కో వరుస పెద్ద అక్షరాలతో రాసింది, పిల్ల బొమ్మలు వేసింది. కిటికీ బొమ్మ చూస్తే రాగం గుర్తొచ్చేది, రాగం పట్టుకుంటే మాట వచ్చేది.

పుస్తకం ఎందుకు, పాట వినిపిస్తే చాలదా అని అడిగినవాళ్లున్నారు. వినడం మంచిదే. ఫిన్లాండ్‌లో స్ట్రోక్ రోగులతో చేసి 2008లో ప్రచురించిన అధ్యయనంలో, రోజూ ఇష్టమైన సంగీతం విన్నవాళ్లకి మాటల జ్ఞాపకశక్తి, ఏకాగ్రత మిగతావాళ్లకన్నా బాగా మెరుగుపడ్డాయి. కానీ రికార్డింగ్ నాకోసం ఆగదు. నేను ఒక మాట దగ్గర తడబడేలోపు అది చరణం దాటిపోతుంది. పేజీ అయితే నేను తిప్పేదాకా ఉంటుంది. ఆ ఆగడంలో నాకు ఊపిరి పీల్చుకునే టైమ్ దొరికేది, పిల్లకి తర్వాత ఏమొస్తుందో ఊహించే టైమ్ దొరికేది. దానికి కలిగిన లాభం కూడా తక్కువేమీ కాదు. పాటలో అక్షరాలు సాగుతాయి కాబట్టి ఒక మాటలో ఎన్ని చప్పుళ్లున్నాయో పిల్లల చెవికి విడివిడిగా అందుతుంది. ప్రాసలు వింటూ వింటూ ఏ మాటల చివర ఒకేలా మోగుతుందో తెలుసుకుంటారు. పల్లవి మళ్లీ మళ్లీ వస్తుంటే అక్కడున్న అక్షరాలని కంటితోనే గుర్తుపడతారు. నేను మాటలు తిరిగి కూడగట్టుకుంటుంటే అది మొదటిసారి కూడగట్టుకుంటోంది. ఇద్దరికీ తొందర లేదు.

కొంచెం తేరుకున్నాక పునరావాస కేంద్రంలో పెద్దవాళ్ల బృందంతో కలిసి పాడాను. వారానికోసారి చిన్నపిల్లలు కూడా వచ్చేవారు. అక్కడ తెలిసిందేమిటంటే, పిల్లల పుస్తకాన్ని యథాతథంగా పెద్దవాళ్ల చేతిలో పెడితే కుదరదు. పిల్లలు పై శ్రుతిలో హుషారుగా ఎత్తుకుంటారు. వయసు మీదపడ్డ గొంతు అంత పైకి పోదు, ఊపిరి కూడా అంతసేపు నిలవదు. శ్రుతి కాస్త దించి, వేగం తగ్గిస్తే అందరూ కలుస్తారు. అక్షరాలు పెద్దవిగా, నల్లగా, తెల్ల కాగితం మీద ఉండాలి. వెనక బొమ్మ ఉండి దాని మీద అక్షరాలు అచ్చేస్తే నాలాంటివాళ్లకి చదవడం కష్టం. బొమ్మలు మరీ పసిపిల్లలవైతే కొందరు పెద్దవాళ్లు పుస్తకం మూసేస్తారు, అందులో వాళ్ల తప్పు లేదు. ప్రకృతి, ప్రయాణం, వాళ్లు యవ్వనంలో పాడుకున్న పాటల బొమ్మలైతే వాళ్లే ముందుకి జరిగి చూస్తారు. డిమెన్షియాతో తన కూతురి పేరు కూడా దొరకని ఒక పెద్దావిడ, పాత పాట పుస్తకం తెరవగానే మూడు చరణాలూ తడుముకోకుండా పాడేవారు. పక్కనున్న పిల్లాడు పేజీ తిప్పడం ఆలస్యం చేస్తే మోచేత్తో పొడిచేవారు.

నా వరకు ఒక్కటే అభ్యర్థన. మాకోసం పాడేవాళ్లు వరుస చివరి మాట మాకు వదిలెయ్యండి, వదిలేశాక ఆగండి. పది లెక్కపెట్టేంతసేపు ఆగినా ఫర్వాలేదు. జాలిపడి ఆ మాట మీరే అందించేస్తే, సగం దారిలో ఉన్న మా మాట వెనక్కి వెళ్లిపోతుంది. మా మనవరాలు ఎప్పుడూ అందించలేదు. నా మొహంలోకి చూస్తూ కూర్చునేది.

ఇప్పుడు చిన్న వాక్యాలతో మాట్లాడగలను. ఫోన్‌లో ఇంకా కష్టం, ఎదుటివాళ్ల పెదాలు కనిపించవు, మౌనంగా ఉంటే లైన్ కట్టయిందనుకుంటారు. అలసిపోయిన సాయంత్రాల్లో మాట దొరక్కపోతే ఎడమచేత్తో తొడమీద తాళం వేసుకుంటాను. మనవరాలు ఇప్పుడు పెద్ద కథలు తనంతట తనే చదువుతోంది. పాట పుస్తకాలన్నీ ఆ పునరావాస కేంద్రానికి ఇచ్చేద్దామంది. ఉడుత పుస్తకం తప్ప మిగతావి ఇచ్చేశాం. వాళ్లకోసం మేమిద్దరం ఇంకోటి తయారుచేస్తున్నాం. బొమ్మలు దానివి, మాటలు నావి. వత్తులు తక్కువుండే మాటలే వెతికి పెడుతున్నాను. "కృష్ణజింక" ఉండాల్సిందేనని అది పట్టుబట్టింది. నేను ఆ మాట ఇంకా ప్రాక్టీస్ చేస్తున్నాను.