టెంప్లేట్ ఓవర్‌రైడింగ్: ఏది ఎర్రర్ ఇస్తుంది, ఏది చప్పుడు చేయకుండా మాయమవుతుంది

జావా వెబ్ సిలబస్‌లో టెంప్లేట్ల యూనిట్ చిన్నదే: పేజీలన్నిటికీ ఒక ఉమ్మడి చట్రం (టెంప్లేట్), అందులో కొన్ని చోట్లను ఒక్కో పేజీ తనకు కావలసినట్టు మార్చుకోవడం (ఓవర్‌రైడింగ్). కానీ సింటాక్స్ బట్టీ పట్టినవాళ్లు కూడా "అవుట్‌పుట్ ఏమిటి?" అనగానే తడబడేది ఇక్కడే. ప్రతి ట్యాగ్ దగ్గరా ఆగి ఒకటే అడగండి: తప్పు రాస్తే ఇది ఎర్రర్ ఇస్తుందా, ఊరుకుంటుందా?

జేఎస్‌ఎఫ్ అనే జావా వెబ్ ఫ్రేమ్‌వర్క్‌లో పేజీలు రాసే పద్ధతి ఫేస్‌లెట్స్. ఇది ఊరుకునే రకం. 2009లో జేఎస్‌ఎఫ్ 2.0తో ఇదే డిఫాల్ట్ అయింది. టెంప్లేట్‌లో చోటు ఉంచే యూఐ:ఇన్సర్ట్ పేరు 'కంటెంట్', పేజీలో ఆ చోటు నింపే యూఐ:డిఫైన్ పేరు 'కంటెంట్స్' అనుకోండి. ఎర్రర్ రాదు. ఇన్సర్ట్ లోపలి డిఫాల్ట్ బాడీ కనిపిస్తుంది, అదీ లేకపోతే ఆ చోటు ఖాళీ.

నాలుగు ట్యాగ్‌లు మాత్రం జంటలుగా గుర్తుండాలి. కాంపొజిషన్, కాంపొనెంట్ తమ బయట ఉన్నదంతా పారేస్తాయి. డెకొరేట్, ఫ్రాగ్మెంట్ ఉంచుతాయి. కాంపొనెంట్, ఫ్రాగ్మెంట్ పేజీ కాంపొనెంట్ ట్రీలో (పేజీలోని భాగాల చెట్టులో) ఒక కాంపొనెంట్‌ను చేరుస్తాయి. మిగతా రెండూ చేర్చవు. అందుకే యూఐ:కాంపొజిషన్‌కి రెండర్డ్ (చూపించాలా వద్దా అని చెప్పే) అట్రిబ్యూట్ పెడితే పనిచేయదు, పట్టించుకునేవాళ్లే ఉండరు. ఆప్షన్లలో దీన్ని తరచూ ఎర వేస్తారు.

లూప్ తిప్పే యూఐ:రిపీట్ లోపల, మరో ఫైల్‌ను తెచ్చి చేర్చే యూఐ:ఇన్‌క్లూడ్ పెట్టి, దాని సోర్స్‌కి లూప్ వేరియబుల్ ఇచ్చినా ఏమీ రాదు. ఇన్‌క్లూడ్ వ్యూ బిల్డ్ అయ్యేటప్పుడే నడుస్తుంది, రిపీట్ రెండర్ దశలో తిరుగుతుంది; సోర్స్ చూసే సమయానికి ఆ వేరియబుల్ పుట్టనే లేదు. మరో లూప్ ట్యాగ్ సీ:ఫర్‌ఈచ్ కూడా బిల్డ్ దశదే కాబట్టి దాంతో పనవుతుంది. టెంప్లేట్ ఫైళ్లను వెబ్-ఇన్ఫ్ కింద పెడితే బ్రౌజర్ నుంచి నేరుగా తెరవడం కుదరదు, ఇదొక సులభమైన మార్కు.

వికెట్ అనే మరో జావా వెబ్ ఫ్రేమ్‌వర్క్ తీరు వేరు, ఇది గట్టిగానే అరుస్తుంది. బేస్ పేజీ హెచ్‌టీఎంఎల్‌లో చోటు ఉంచేది వికెట్:చైల్డ్, సబ్‌క్లాస్ హెచ్‌టీఎంఎల్‌లో ఆ చోటు నింపేది వికెట్:ఎక్స్‌టెండ్. మార్కప్‌లో వికెట్:ఐడీ ఉండి జావాలో యాడ్ చేయకపోయినా, డెవలప్‌మెంట్ మోడ్‌లో యాడ్ చేసి మార్కప్‌లో మరిచినా ఎక్సెప్షనే. సబ్‌క్లాస్‌కి హెచ్‌టీఎంఎల్ లేకపోతే బేస్‌ది వాడుకుంటుంది. ఉండి, అందులో ఎక్స్‌టెండ్ లేకపోతే బేస్ మార్కప్ మొత్తం ఓవర్‌రైడ్ అయినట్టే. కానీ బేస్ కన్‌స్ట్రక్టర్ యాడ్ చేసిన కాంపొనెంట్లు అలాగే ఉంటాయి, వాటి ఐడీలన్నీ కొత్త ఫైల్లో ఉండాలి. వికెట్ అరవకుండా ఊరుకునేది ఒకటుంది: ఎక్స్‌టెండ్ బయట రాసినది, వికెట్:హెడ్ తప్ప, చడీచప్పుడు లేకుండా పోతుంది.

ఓవర్‌రైడ్ చేయాల్సిన చోట్లు ఒకటికి మించితే బేస్‌లో న్యూసైడ్‌బార్ లాంటి మెథడ్ పెట్టి, ఐడీని పారామీటర్‌గా పంపుతారు. దాన్ని బేస్ కన్‌స్ట్రక్టర్ నుంచే పిలిస్తే సబ్‌క్లాస్ ఫీల్డ్‌లకు అప్పటికింకా విలువలు రావు, ఆ మెథడ్ వాటిని వాడబోతే నల్ పాయింటర్ ఎక్సెప్షన్ వస్తుంది. ఇది వికెట్ తప్పు కాదు, జావా ఆబ్జెక్ట్‌ను కట్టే క్రమమే అది. పిలుపును కన్‌స్ట్రక్టర్లు అయ్యాక వికెట్ పిలిచే ఆన్‌ఇనిషియలైజ్ మెథడ్‌లోకి మార్చండి. అక్కడ సూపర్ పిలుపు మరిచిపోతే ఇల్లీగల్ స్టేట్ ఎక్సెప్షన్.

ప్రాక్టీస్‌కి ఒక బేస్, ఒక సబ్‌క్లాస్ చాలు. ఒక్కో చోట కావాలని చెడగొట్టి, రన్ చేసేముందే జవాబు కాగితం మీద రాసుకోండి. ప్రాజెక్టును బిల్డ్ చేసే మావెన్ టూల్‌లో హెచ్‌టీఎంఎల్‌ను జావా ఫైళ్ల పక్కనే పెడితే దాని సెట్టింగ్స్ ఉండే పామ్ ఫైల్లో ఆ ఫోల్డర్‌ను రిసోర్స్‌గా చూపించాలి. లేదంటే మార్కప్ దొరకలేదనే ఎర్రర్ దగ్గరే ఆగిపోతారు.