బియ్యంలో ముక్కుపురుగు, లైటు కింద కొమ్ముపురుగు

మొన్న ఆదివారం అమ్మ డాబా మీద బియ్యం ఎండబోసింది, చోడవరం నుంచి తెచ్చుకున్న బస్తాకి ముక్కుపురుగు పట్టేసింది. పావురాలు రాకుండా నేను కాపలా. ఊరికే కూర్చోలేక ఒక పురుగుని అరచేతిలో వేసుకుని ఫోన్ కెమెరా జూమ్ చేసి చూశాను, అంతే, గంట ఎలా అయిపోయిందో తెలీలేదు. 3 మిల్లీమీటర్లు ఉంటుందేమో, ముందు ఏనుగు తొండంలా పొడుగు ముక్కు, ఆ ముక్కు చివర్నే నోరు, వీపు మీద నాలుగు ఎర్రటి మచ్చలు. ఆడది ఆ నోటితోనే గింజకి కన్నం పెట్టి, అందులో గుడ్డు పెట్టి, పైన జిగురులాంటిది పూసి మూసేస్తుంది. పిల్ల ఆ గింజలోనే తింటూ పెరిగి, పెద్దయ్యాకే బయటికొస్తుంది. అందుకే బస్తా విప్పినరోజు బియ్యం శుభ్రంగా ఉంటాయి, కొన్నాళ్ళకి ఎక్కణ్ణుంచి వచ్చాయిరా బాబూ ఇన్ని పురుగులు అనుకుంటాం.

ఈ ముక్కు వంశంలోనే 50 వేలకి పైగా రకాలున్నాయి. ఈ ముక్కుపురుగు కూడా ఒక బీటిలే, మొత్తం బీటిల్స్ అయితే ఇప్పటిదాకా పేరు పెట్టినవే దాదాపు 4 లక్షలు, అంటే మనకి తెలిసిన జంతుజాతుల్లో ఇంచుమించు నాలుగోవంతు. అన్నిటికీ పోలిక ఒకటే, ముందు రెక్కలు గట్టిపడి డిప్పలా ఉంటాయి, ఎగిరే పల్చటి రెక్కలు దాని కింద మడతపెట్టి ఉంటాయి. పుస్తకాల్లో పెంకుపురుగులు అని రాస్తారు గానీ ఇళ్ళల్లో ఎవరూ ఆ మాట అనరు. మనకి పేడపురుగు వేరు, కొమ్ముపురుగు వేరు, మిణుగురు వేరు, అక్షింతల పురుగు (లేడీబర్డ్) వేరు. ఎవరో ఒకళ్ళు దగ్గరగా కూర్చుని చూసి పెట్టిన పేర్లు ఇవన్నీ, నాకు చాలా ఇష్టం.

దేవుడనేవాడు ఉంటే ఆయనకి బీటిల్స్ అంటే మహా ప్రేమ అయ్యుండాలి అన్నాడని బ్రిటిష్ జీవశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ గురించి చెప్తారు. ఆ పెద్దాయన 1957లో ఇండియా వచ్చేసి ఇక్కడి పౌరుడైపోయి, 1964లో భువనేశ్వర్‌లో పోయారు, శరీరాన్ని మన కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి రాసిచ్చారు. ఇంత దగ్గరి సంగతి మా స్కూల్లో ఒక్కరూ చెప్పలేదు.

వైజాగ్‌లో మధురవాడ వైపు ఖాళీ లేఅవుట్లలో ఆవులు తిరుగుతుంటాయి కదా, వాన పడ్డాక పొద్దున్నే వెళ్తే పేడపురుగు ఉండ దొర్లించుకెళ్ళడం కనిపిస్తుంది, తల కిందకి పెట్టి వెనక కాళ్ళతో తోస్తూ, వెనక్కి నడుస్తూ. అది ఆ ఉండని పూడ్చడం వల్ల నేలకి ఎరువు, మట్టి గుల్లవుతుంది, ఈగలకి గుడ్లు పెట్టే చోటు తగ్గుతుంది. ఆస్ట్రేలియాలో అక్కడి పేడపురుగులు కంగారూల పెంటికలకి అలవాటుపడ్డవి, బయటి నుంచి తెచ్చిన ఆవుల పేడ వాటికి పనికిరాక బీళ్ళలో అలాగే ఎండిపోయి ఈగలు విపరీతమైపోయాయి, దాంతో 1960ల నుంచి ఆఫ్రికా, యూరప్ నుంచి పేడపురుగుల్ని తెప్పించుకున్నారు.

కొమ్ముపురుగు సంగతి మాత్రం తేలిగ్గా చెప్పలేను. రాత్రి బాల్కనీ లైటుకి ఠప్పున కొట్టుకుని వెల్లకిలా పడేది ఇదే, మా పాప భయపడి పైకి రమ్మన్నా రాదు. పెంటగాదంలో, కుళ్ళిన కొబ్బరి మానుల్లో దాని పిల్లలు తెల్లగా, లావుగా, వంకర తిరిగి ఉంటాయి, కుళ్ళుని తిని మట్టి చేస్తాయి. అదే పెద్దదయ్యాక కొబ్బరిచెట్టు మొవ్వులోకి దూరి లేతాకుని కొరికేస్తుంది, ఆ ఆకు విచ్చుకున్నాక కత్తెరతో కత్తిరించినట్టు వి ఆకారంలో కోతలుంటాయి. ఆ గాయంలోకే ఎర్రముక్కు పురుగు వచ్చి గుడ్లు పెడుతుంది, దాంతో చెట్టే పోవచ్చు. 2014 హుద్‌హుద్‌ లాంటి తుఫానులో పడిన కొబ్బరి మానులు తోటలో అలాగే వదిలేస్తే వీటికి పుట్టిల్లు అక్కడే, అందుకే ముందు వాటిని తీయించెయ్యాలి. మరి దీన్ని మంచిది అనాలా, చెడ్డది అనాలా? పిల్ల చేసే పని ఒకటి, తల్లి చేసే పని ఇంకొకటి.

ఖాళీ స్థలాల నిండా ఉండే వయ్యారిభామ అనే కలుపు మొక్కని తినడానికి కూడా 1980ల్లో మెక్సికో నుంచి ఒక చిన్న బీటిల్‌ని మన దేశానికి తెచ్చారు, ఆకులన్నీ చిల్లులు పడ్డ మొక్క కనిపిస్తే ఆగి చూడండి.

పోయినేడు మా చిక్కుడు పాదుకి పేనుబంక పట్టినప్పుడు ఆకుల మీద నల్లగా, నారింజ మచ్చలతో, చిన్న మొసళ్ళలా పాకేవి కనిపిస్తే అవే చీడ అనుకుని ఏరి చంపేశాను. అవి అక్షింతల పురుగు పిల్లలు, ఆ పేనుబంకని తినడానికే వచ్చినవి. తెలిశాక చాలా బాధేసింది. నిన్న సాయంత్రం మళ్ళీ ఒక కొమ్మకి మూడు కనిపించాయి, అమ్మని పిలిచి చూపించాను, "ఇయ్యేనా, అయితే ఉండనీ" అంది. వేపనూనె కలిపిన స్ప్రే సీసా తీసి పక్కన పెట్టేశాం, పొద్దున చూస్తే ఆ కొమ్మ చివర్న పేను సగం లేదు.