ప్రొఫెసర్ గారిని ఆపిన టెక్నీషియన్

"ఎండోటాక్సిన్ రిపోర్టు రాకుండా ఆ వయల్ కణాల మీద వెయ్యడానికి లేదు." ఇక్కడ అమెరికాలో ఒక టెక్నీషియన్ ప్రొఫెసర్ గారి ముఖం మీదే అన్న మాట ఇది. ఎండోటాక్సిన్ అంటే బాక్టీరియా గోడల నుంచి వచ్చే విషపదార్థం. ఆయన మారుమాట్లాడకుండా వయల్ ఫ్రిజ్‌లో పెట్టేశారు. మన దగ్గరైతే సార్‌తో అలా అనగలిగేవాళ్లెందరు?

ఆమె పట్టుదలలో న్యాయముంది. ఆ వయల్‌లో ఉన్నది నోరోవైరస్ వీఎల్‌పీ; దాన్ని మనిషి రక్తకణాల మీద వేసి అవి ఎలా స్పందిస్తాయో చూడడమే ప్రయోగం. నోరోవైరస్ వాంతులు, విరేచనాలు తెస్తుంది. దాన్ని పోలిన రేణువే వీఎల్‌పీ, అంటే ఆ వైరస్ పైపెంకులోని వీపీ1 ప్రొటీన్లు 180 వాటంతటవే కూడుకుని కట్టిన డొల్ల. లోపల ఆర్‌ఎన్‌ఏ ఉండదు, జబ్బు చెయ్యదు. హ్యూస్టన్ శాస్త్రవేత్తలు 1992లో చూపిన దారిలోనే, బాక్యులోవైరస్ (పురుగులకి సోకే వైరస్) సాయంతో పురుగుల కణాల్లో ఇప్పటికీ తయారుచేస్తున్నారు. చిక్కు అక్కడే. బాక్యులోవైరస్ డీఎన్‌ఏ కాస్త మిగిలినా టీఎల్‌ఆర్-9ని (పరాయి డీఎన్‌ఏని పసిగట్టే గ్రాహకాన్ని) రేపుతుంది. వీఎల్‌పీ కలిపిన బఫర్ ద్రావణంలో ఎండోటాక్సిన్ మిల్లీలీటరుకి నానోగ్రాములో పదోవంతున్నా చాలు, మోనోసైట్లనే తెల్లకణాలు టీఎన్‌ఎఫ్, ఐఎల్-6 అనే వాపు సంకేతాల్ని గుమ్మరిస్తాయి. గ్రాఫులో మాత్రం ఆ ఘనతంతా వీఎల్‌పీదే అనిపిస్తుంది.

కాబట్టి పోలిక కోసం వీఎల్‌పీ లేని మామూలు బాక్యులోవైరస్ సోకిన కణాల్నీ అదే పద్ధతిలో శుద్ధిచేసి పక్క వెల్‌లో (ప్లేటులోని గుంటలో) వెయ్యాలి. ఇంకో వెల్‌లో మరిగించిన వీఎల్‌పీ. మరుగుతో ప్రొటీన్ చెడుతుంది, ఎండోటాక్సిన్ చెడదు. మరిగించాక కూడా టీఎన్‌ఎఫ్ తగ్గకపోతే ఎండోటాక్సిన్‌నే అనుమానించాలి. పెంకు నిలబడి ఉందో లేదో కూడా చూడాలి: నార్వాక్ రకం నోరోవైరస్ వీఎల్‌పీలు పీహెచ్ 8 దాటితే విడిపోతాయి.

రక్తం నుంచి ఆ తెల్లకణాల్ని వేరుచేసే దగ్గరా ఇంతే నిష్ఠ. రక్తాన్ని పీబీఎస్ అనే ఉప్పు ద్రావణంతో సగానికి సగం పలచన చేసి, ట్యూబు వాల్చి, గోడవారగా ఫైకాల్ (కణాల్ని సాంద్రతనిబట్టి విడదీసే ద్రవం) మీదికి నెమ్మదిగా జార్చాలి. ఆపైన సెంట్రిఫ్యూజ్‌లో 400 జీ బలంతో, 30 నిమిషాలు, బ్రేక్ తీసేసి తిప్పాలి. బ్రేక్ ఉంటే కణాలున్న ఆ పలచని తెల్లపొర చెదిరిపోతుంది. ఫైకాల్ చల్లగా ఉంటే ఎర్రకణాలు సరిగ్గా దిగక ఆ పొరలోనే మిగులుతాయి.

మనవాళ్లకి ఇవి తెలియవని ఎవరైనా అంటే నేనొప్పుకోను. హైదరాబాద్ ల్యాబుల్లో చేతిపని తెలిసినవాళ్లకి కొదవలేదు. ఇండెంట్లూ సంతకాలూ దాటి కిట్ చేతికొచ్చేసరికి రక్తం పాతబడిపోతుంది, అది వేరే బాధ. కానీ "ఆగండి సార్" అనే హక్కుకి ఇండెంటు అక్కర్లేదు కదా! అదే నన్ను తొలుస్తోంది.

ఆమె అడిగే రెండో ప్రశ్న: దాత ఎవరు? పెద్దవాళ్లలో చాలామందికి నోరోవైరస్ ఎప్పుడో ఒకప్పుడు సోకే ఉంటుంది. కాబట్టి ఎలిస్పాట్‌లో (స్పందించిన ఒక్కో కణాన్నీ ఒక్కో చుక్కగా చూపే పరీక్షలో) టీ కణాలనే తెల్లకణాల చుక్కలు కనిపిస్తే అవి పాత జ్ఞాపకం కావచ్చు. వైరస్ ఎరగని కణాల తొలి స్పందన చూడాలంటే బొడ్డుతాడు రక్తం తేవాలి, తల్లి అనుమతి ముందే తీసుకుని.