ఇంట్లో లేని డబ్బుకి వడ్డీ

శనివారం, రాత్రి పదిన్నర.

పొద్దున మొదటి గంట బీఏ రెండో సంవత్సరం వాళ్ళకి, వడ్డీ రేటు పాఠం. పుస్తకంలో ఈ అధ్యాయం ద్రవ్యత్వాభిరుచి సిద్ధాంతంతో, అంటే డబ్బుని చేతిలో నగదుగా ఉంచుకోవాలన్న కోరికతో వడ్డీని వివరించే సిద్ధాంతంతో, మొదలవుతుంది. నేను మాత్రం ఏటా "మీ ఊళ్ళో వడ్డీ ఎంత నడుస్తోంది?" అని అడిగి మొదలుపెడతాను. "రెండ్రూపాయలండీ", "మా వైపు రూపాయిన్నర", "తెలిసినవాళ్ళకైతే రూపాయే". గదంతా ఒకేసారి మాట్లాడింది. శాతం అన్న మాట ఒక్కరి నోటా రాలేదు. నూటికి నెలకి ఎంత అన్నదే మనవాళ్ళ లెక్క. రెండ్రూపాయలంటే ఏడాదికి 24 శాతం. 2004లో పొదుపు సంఘాలకి వచ్చిన పావలా వడ్డీ అంటే 3 శాతం. ఇది బోర్డు మీద రాస్తుంటే, ఎప్పుడూ నోరు విప్పని ఒక అమ్మాయి చెయ్యెత్తింది.

"మేడం, మా అమ్మ తీసుకున్న లోను పన్నెండు శాతం ఫ్లాట్ అన్నారు. అంటే రూపాయి వడ్డీయే కదా?"

ఆ గంటంతా ఆ ప్రశ్నకే ఇచ్చేశాను. 24,000 అప్పు, పన్నెండు నెలలు. ఫ్లాట్ అంటే, అసలు తీరుతూ పోతున్నా మొదట తీసుకున్న మొత్తం మీదే చివరిదాకా వడ్డీ. ఆ లెక్కన వడ్డీ 2,880. అసలుతో కలిపి 26,880, నెలకి 2,240 కట్టాలి. ఇప్పుడు అదే అప్పు ఊళ్ళో రూపాయి వడ్డీకి తెచ్చి, నెలకి రెండు వేలు అసలు తీరుస్తూ పోతే? మొదటి నెల వడ్డీ 240, రెండో నెల 220, అలా తగ్గుతూ తగ్గుతూ ఆఖరి నెల 20. మొత్తం 1,560. తేడా 1,320 రూపాయలు. ఫ్లాట్ పన్నెండు నిజానికి దగ్గర దగ్గర రూపాయి ఎనభై పైసల వడ్డీ అని తేలేసరికి గంట కొట్టారు. ఆ అమ్మాయి మాత్రం కదల్లేదు, నోటు పుస్తకంలో మళ్ళీ వేసుకుంటోంది. ఎవరి దగ్గర తీసుకున్నారని నేను అడగలేదు. లోను ఇచ్చినప్పుడు ఒక వివరాల కాగితం ఇచ్చి ఉంటారు, అందులో వార్షిక రేటు ఎంత వేశారో చూడమన్నాను. 2022లో రిజర్వు బ్యాంకు సూక్ష్మరుణాలకి పెట్టిన నియమాల ప్రకారం ఆ కాగితం అప్పు తీసుకున్నవాళ్ళకి అర్థమయ్యే భాషలో ఇవ్వాలి. ఆ సంగతి తల్లికీ తెలియదు, కూతురికీ తెలియదు.

మధ్యాహ్నం స్టాఫ్ రూములో సర్వే ఫారాలు. సంక్రాంతి సెలవలకి ఊళ్ళకెళ్ళిన పిల్లల చేత కుటుంబాల అప్పుల వివరాలు రాయించాను. ఇది నా సొంత ఆలోచనేం కాదు. వందేళ్ళ కిందట మద్రాసు విశ్వవిద్యాలయంలో ఆర్థికశాస్త్ర ఆచార్యుడు గిల్బర్ట్ స్లేటర్ తన విద్యార్థుల చేత వాళ్ళ ఊళ్ళనే సర్వే చేయించాడు. ఊరి పిల్లలకి తలుపులు తెరుచుకుంటాయి. బయటివాడికి చెప్పని అప్పు పక్కింటి కుర్రాడికి చెబుతారు. "అప్పు దేనికి?" అన్న గడిలో వైద్యం, చదువు, పెళ్ళి, సాగు, ఇల్లు అని అచ్చు వేయించాను, చివర ఇతరాలు. ఇతరాల కింద పిల్లలు ఏవేవో రాశారు. వాటన్నిటికీ ఇతరాలన్న ఒకటే కోడు అంకె వేసి, మూడింటికల్లా కట్ట కట్టేసి, తెనాలి స్టేషనుకి వెళ్ళాను.

మాఘమాసపు ఎండ. రైలు కిటికీకి రెండు వైపులా మినుము, కోసిన వరి దుబ్బుల మధ్య నల్లబడుతున్న కాయలు. నిడుబ్రోలులో దిగి ఆటో ఎక్కాను. ఇక్కడ దిగిన ప్రతిసారీ రైతు నాయకుడు ఎన్.జి. రంగాగారు గుర్తొస్తారు. ఈ ఊళ్ళో పుట్టి, ఆక్స్‌ఫర్డ్‌లో చదివి, మద్రాసులో ఆర్థికశాస్త్రం పాఠాలు చెప్పిన మనిషి 1930ల్లో తిరిగొచ్చి ఇక్కడే రైతాంగ విద్యాలయం పెట్టారు. నేను ఇటు వచ్చి ఆడవాళ్ళకి అప్పుల లెక్కలు చెప్పేది నెలకి రెండు శనివారాలే. అయినా ఆ దారిలో నడుస్తున్నానన్న తృప్తి నాకుంది.

రామాలయం అరుగు మీద పాతిక మంది దాకా ఆడవాళ్ళు. పొద్దుటి లెక్కే వాళ్ళకీ చెప్పాలనుకున్నాను గానీ బోర్డు లేదు, సగం మందికి చదువు రాదు. ఒకావిడ ఇంట్లోంచి చేటలో చింతపిక్కలు తెచ్చింది. పన్నెండు కుప్పలు పెట్టాం, కుప్పకి రెండు వేలు. నెలకో కుప్ప పక్కకి జరిపి, ఇప్పుడు మన దగ్గర ఎన్ని మిగిలాయి, వడ్డీ ఎన్నిటికి కడుతున్నాం అని అడుగుతూ పోయాను. ఆరో కుప్ప జరిపేసరికి, అరుగు చివర స్తంభానికి ఆనుకుని కూర్చున్న పెద్దమ్మ అందుకుంది.

"అంటే ఇంట్లో లేని డబ్బుకి కూడా వడ్డీ కడతన్నామన్నమాట. మా మావగారు ప్రోనోటు రాసిచ్చినా, కట్టినప్పుడల్లా వెనక చెల్లు వేయించుకునేవాడు. చెల్లు పడ్డాక ఆ డబ్బుకి వడ్డీ ఏంది?"

నేను పొద్దున గంటసేపు చెప్పింది ఆవిడ రెండు మాటల్లో చెప్పేసింది. ఆ నోటులో ఉన్న చిక్కు కూడా ఆవిడకి తెలుసు. మూడేళ్ళు నిండేలోపు నోటు తిరగరాస్తారు, కట్టని వడ్డీ అసల్లో కలిసిపోతుంది, అక్కణ్ణించి అది చక్రవడ్డీ.

తర్వాత మాట 2010 మీదికి పోయింది. మైక్రోఫైనాన్సు కంపెనీల వాళ్ళు ఇంటి ముందు కూర్చుని వారం వారం వసూలు చేసిన రోజులు చాలామందికి గుర్తున్నాయి. ఆ అక్టోబరులో వచ్చిన ఆర్డినెన్సు వారం కిస్తీలు మాన్పించి నెల కిస్తీలు చేసింది, వడ్డీ అసలుని మించకూడదంది. అప్పట్లో ఈ ఊళ్ళోనే ఇల్లిల్లూ తిరిగాను. ఇప్పుడెలా ఉందని అడిగితే కాసేపు ఎవరూ మాట్లాడలేదు. చివరికి ఒక నడివయసు ఆవిడ, చింతపిక్కలు గుప్పిట్లోకి ఏరుకుంటూ అంది: "కిస్తీ రోజుకి డబ్బు అందకపోతే మూడ్రూపాయలకి తెచ్చయినా కట్టేస్తాం మేడంగారూ. మనం తప్పితే గ్రూపులో మిగతా వాళ్ళ మీద పడుద్ది కదా."

పెద్దమ్మ నా వైపు తిరిగింది. "అమ్మాయ్, మా మనవరాలు పండక్కి మీ కాయితం పట్టుకొచ్చింది. అప్పు కట్టటానికి చేసిన అప్పు ఏ గడిలో రాయాలే అని అడిగాను. అట్టాంటి గడి లేదంది."

పదిహేనేళ్ళుగా నేను అప్పుల మీద పనిచేస్తున్నాను. గడి లేదు.

ఎనిమిదిన్నర బండికి వచ్చాను. అన్నం తిని కట్ట విప్పాను. ఇతరాలు అని మధ్యాహ్నం అంకె వేసేసిన ఫారాలన్నీ మళ్ళీ చదువుతున్నాను. "కిస్తీకి", "గ్రూపు వాయిదా", ఒకచోట "పరువు కోసం" అని ఉంది, పిల్లాడి రాత, పెన్సిలుతో. అంకె కొట్టేసి పక్కన ఉన్న మాట ఉన్నట్టు రాస్తున్నాను. సగం అయింది. మిగతావి రేపు.