హియరింగ్ ముగిసిన మధ్యాహ్నం

ఒక పేటెంటు దరఖాస్తుపై ఈ ఉదయం చెన్నై పేటెంట్ కార్యాలయం వారు జరిపిన వీడియో హియరింగ్‌కు, అంటే వాదన వినే సమావేశానికి, దరఖాస్తుదారు తరఫున తిరుపతిలోని మా ఆఫీసు గది నుంచే హాజరయ్యాను. దరఖాస్తుదారు చిత్తూరులో చిన్న వర్క్‌షాపు నడుపుతూ మామిడి గుజ్జు ఫ్యాక్టరీల యంత్రాలు బాగుచేసే పెద్దాయన. తోతాపురి కాయ ముమ్మరంగా దిగే ఈ రోజుల్లో పని వదిలి రావడం ఆయనకు కష్టమే అయినా, పక్కన ఉండి తీరాలని పట్టుబట్టాను. దరఖాస్తు ఇప్పటికే ప్రచురితమైంది, ఆయన అనుమతి కూడా ఉంది కనుక సంగతి ఇక్కడ రాసుకుంటున్నాను.

గుజ్జు తీసే పల్పర్‌లో జల్లెడకూ, తిరిగే పలకలకూ మధ్య ఉండే సందు, కాయ మెత్తదనాన్ని బట్టి తనంతట తానే సర్దుకునేలా ఆయన స్ప్రింగులు అమర్చారు. దానివల్ల టెంక నలగదు, దాని వగరు గుజ్జులోకి దిగదు.

అమెరికా దరఖాస్తుల్లో, దరఖాస్తును పరిశీలించే అధికారి అయిన ఎగ్జామినర్‌తో నేరుగా ఫోనులో మాట్లాడే ఇంటర్వ్యూ పద్ధతి ఉంది, అక్కడ మాట్లాడిన సారాంశం ఫైల్లో నమోదు కావాలి. మన దగ్గర ఎగ్జామినర్ నివేదిక, నిర్ణయం తీసుకునే అధికారి అయిన కంట్రోలర్‌కు చేరుతుంది. మొదటి నివేదికకు మనమిచ్చిన జవాబుతో అభ్యంతరాలు తీరకపోతే, 1970 పేటెంట్ల చట్టం సెక్షన్ 14 కింద మన వాదన వినేది కంట్రోలరే. ఎక్కడైనా మన పని మాత్రం ఒకటే, అవతలివారికి నిజంగా మిగిలిన సందేహం ఏదో పట్టుకోవడం. కోర్టు వాదనలా గొంతు పెంచి లాభం లేదు.

కంట్రోలర్ మేడమ్ మొదటి మాటే, పోలికకు చూపిన మొదటి పత్రంగా, అంటే డీ1గా పేర్కొన్న పాత పేటెంటులోనూ స్ప్రింగు ఉంది కదా, మీది కొత్త ఎలా అవుతుందని. నేను వెంటనే జవాబు చెప్పకుండా, వారు ఏ పేరాను దృష్టిలో పెట్టుకున్నారో చెప్పమని కోరాను. వారు చూపిన పేరాలోని స్ప్రింగు షాఫ్టు దగ్గర ఉంది. టెంక ఇరుక్కున్నప్పుడు వచ్చే అదురును అది తట్టుకుంటుంది తప్ప, సందును మార్చదు. అప్పుడు పెద్దాయన సంచిలోంచి జిడ్డు ఆరని ఒక పలకను తీసి, బొటనవేలితో స్ప్రింగును నొక్కి కెమెరాకు చూపిస్తూ, "మేడమ్, ఆ స్ప్రింగు షాఫ్టును కాపాడుతుంది, నాది టెంకను కాపాడుతుంది," అన్నారు. నేను రాసుకున్న పేజీల కంటే ఆ మాట బలమైనది.

"ఆ సంగతి మీ క్లెయిమ్‌లో కనిపించడం లేదే," అన్నారు మేడమ్. క్లెయిమ్ అంటే దేనిమీద హక్కు కోరుతున్నామో నిర్వచించే వాక్యం. సందేహం అసలు అక్కడుంది. ప్రతి పలక కాడకూ స్ప్రింగు విడిగా ఉంటుందని, అదే సందును నిర్ణయిస్తుందని ఆవిష్కరణను వివరిస్తూ దాఖలు చేసిన మా స్పెసిఫికేషన్‌లో మొదటి నుంచీ ఉంది కనుక, ఆ మాటలను మొదటి క్లెయిమ్‌లోకి తెస్తామని చెప్పాను. సెక్షన్ 59 ప్రకారం దాఖలైన దస్తావేజులో ఉన్నదాన్ని తెచ్చి క్లెయిమ్‌ను కుదించవచ్చుగానీ, లేనిదాన్ని చేర్చడానికి వీల్లేదు. అందుకే, ఈ సీజన్‌లో పలక అంచుకు కొత్తగా బిగించిన రబ్బరు పట్టీ గురించి ఆయన ఉత్సాహంగా మొదలుపెట్టగానే చేయి పట్టుకుని ఆపాను.

రాతపూర్వక వాదన దాఖలు చేయడానికి 15 రోజుల గడువు ఉన్నా, ప్రశ్నలు చెవిలో ఉండగానే రాయడం మేలని మధ్యాహ్నమే కూర్చున్నాను. సవరించిన క్లెయిమ్‌ను వాక్యం వాక్యంగా తెలుగులో చెప్పి, ఆయన సరేనన్న తర్వాతే ఖరారు చేశాను. ఆయన పనితనానికి ఈ పేటెంటు దక్కాలని మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను. రబ్బరు పట్టీకి సెక్షన్ 54 కింద పేటెంట్ ఆఫ్ అడిషన్ (మూల ఆవిష్కరణకు చేసిన మెరుగుదలకు ఇచ్చే పేటెంటు) కోసం వేరే దరఖాస్తు వేయవచ్చు. అంతవరకు దాన్ని ఎవరికీ చూపవద్దని, సీజన్ తగ్గగానే కొలతలతో బొమ్మ గీసి పంపమని చెప్పి ఆయన్ను చిత్తూరు బస్సు ఎక్కించాను.