లాగి పరచిన బట్ట: రజాయి కవర్ల తయారీలో నా అనుభవం

నిన్న సాయంత్రం 1200 రజాయి కవర్ల సరుకు కొనుగోలుదారు గోదాములో జరిగిన తనిఖీలో నెగ్గిందని కబురు వచ్చింది. ఐదు వారాల క్రితం అంతే సంఖ్యలో పంపిన సరుకు అదే గోదాము నుంచి మొత్తంగా వెనక్కి వచ్చింది కాబట్టి, ఆ కబురు విన్నాక చాలాసేపు కోత బల్ల దగ్గరే కూర్చుండిపోయాను. ఏడుగురం పనిచేసే మా చిన్న కుట్టు కేంద్రంలో రోజుకు 150 కవర్ల దగ్గర ఆగిపోయిన ఉత్పత్తిని 240కి చేర్చడానికి ఎనిమిది నెలలు పట్టింది. అందులో చాలా భాగం సాఫీగానే సాగింది. ఒక్క దశ మాత్రం నన్ను నలుగురిలో తలదించుకునేలా చేసింది. రజాయి కవర్లు, దిండు గలీబులు, పరుపు కవర్లు కుట్టించేవారికి పనికివస్తుందన్న నమ్మకంతో, అంతా గుర్తుండగానే రాస్తున్నాను.

తేలికగా అయిపోయిన పనులను ముందు చెప్పేస్తాను. పాత క్లచ్ మోటార్లు తీసేసి సర్వో మోటార్లు బిగించాము. కుట్టనప్పుడు అవి తిరగవు కాబట్టి కరెంటు ఆదా అయింది, గదిలో రొద తగ్గింది. ప్రతి మిషను మీద సూది దగ్గర వెలుతురు పడేలా చిన్న దీపం పెట్టించాము. మొద్దుబారిన సూది బట్ట పోగులను తెంపుతుంది కాబట్టి, విరిగేదాకా ఆగకుండా రోజూ ఉదయం సూది మార్చడం అలవాటు చేసుకున్నాము. ఇవన్నీ వారం రోజుల్లో పూర్తయ్యాయి.

ఆ తరువాత స్టాప్‌వాచ్ పట్టుకుని కూర్చున్నాను. ఒక్కో కవరు కుట్టడానికి 11 నిమిషాలు పడుతున్నట్లు తేలింది. అందులో సూది నిజంగా కదులుతున్న సమయం మూడు నిమిషాలకు మించలేదు. మిగిలిన ఎనిమిది నిమిషాలూ బట్టను కట్టలోంచి తీయడం, అంచులు కలపడం, నాలుగు మీటర్ల గుడ్డను ఒడిలోకి లాక్కోవడం, దారం తెంపడం, తిరగేయడం, పక్కన పడేయడం. అంతకు కొన్ని రోజుల ముందే ఒక మిషన్ల ఏజెంటు వచ్చి, అంచులను దానంతట అదే మడిచి కుట్టే యంత్రం కొంటే ఉత్పత్తి రెట్టింపవుతుందని నన్ను దాదాపు ఒప్పించాడు. ఆయన చూపించిన వేగమంతా సూది వేగమే. మూడు నిమిషాల్లో ఒక నిమిషం తగ్గించే యంత్రం, ఎనిమిది నిమిషాల వృథాను తాకను కూడా తాకదు. పెద్ద మిషను కొనే ముందు ఒక్క రోజు స్టాప్‌వాచ్ పట్టుకుని చూడండి. చూడవద్దని చెప్పే అమ్మకందారుతో మాట పెంచుకోకండి.

మాకు ఎక్కువ లాభం తెచ్చింది యంత్రం కాదు, కవరు రూపాన్ని మార్చడం. అంతకుముందు పైబట్ట, కింది బట్ట వేరువేరుగా కోసి మూడు వైపులా కుట్టి, నాలుగో వైపు నోరు వదిలేవాళ్లం. ఇప్పుడు 412 సెంటీమీటర్ల పొడవున ఒకే ముక్క కోసి మధ్యలో మడుస్తున్నాము. రెండు వైపులా 200 చొప్పున 400 సెంటీమీటర్లు కవరుకు, రెండు కొసల్లోనూ ఆరేసి సెంటీమీటర్లు నోటి మడతలకు సరిపోతాయి. మడత వచ్చిన వైపు కుట్టే అవసరమే లేదు కాబట్టి కవరుకు రెండు మీటర్ల కుట్టు తగ్గింది. బట్టను కవరు వెడల్పుకు సరిపడే పన్నాలోనే తెప్పించుకుంటే నేతలో వచ్చే గట్టి అంచు పక్క కుట్టులోపలికి పోతుంది, నిలువు కోత కూడా తప్పుతుంది. నోటి మడతలను పక్కలు కుట్టకముందే, బట్ట బల్లపరుపుగా ఉన్నప్పుడే, అంచును మడిచి సూది కిందికి అందించే ఫోల్డరు బిగించిన మిషను మీద ఒక ముక్క వెనక ఇంకొకటి దారం తెంపకుండా కుడుతున్నాము. పక్కలకు కుట్టూ, పోగులు ఊడకుండా అంచును దారంతో చుట్టే ఓవర్‌లాకూ ఒకేసారి పడే ఐదు దారాల మిషను వాడుతున్నాము. 60 కవర్ల కట్టలు కట్టడం మాని 10 కవర్ల కట్టలకు దిగాక, ఒకచోట జరిగిన పొరపాటు తరువాతి మిషను దగ్గర అరగంటలోపే బయటపడసాగింది. ఇంతవరకూ నేను చేసిన పనికి ఇప్పటికీ గర్వపడుతున్నాను.

తప్పు జరిగింది కోత బల్ల దగ్గర. కుట్టు వేగం పెరిగేసరికి కోత వెనకబడింది. అంతకుముందు మా కోత పని చూసే పెద్దాయన బట్ట తానును ముందురోజే విప్పి, వదులుగా మడతలు వేసి, వెడల్పాటి అరల్లో రాత్రంతా ఉంచేవాడు. మర్నాడు ఇద్దరు మనుషులు దానిని మెల్లగా బల్ల మీద పరిచేవారు. నేను ఆ రాత్రి విశ్రాంతిని తీసేశాను. తానును ఇనుప కడ్డీకి గుచ్చి బల్ల చివర నిలబెట్టించి, ఒక్క మనిషి కొసను పట్టుకుని లాక్కుపోయి, రెండు చివరలా క్లిప్పులు బిగించేలా ఏర్పాటు చేశాను. కోత కోసం ఒకదాని మీద ఒకటిగా పొరలు వేసే ఒక దొంతర పరచడానికి పట్టే సమయం సగానికి తగ్గింది. ఆ పెద్దాయన మొదటి రోజే, “బాబూ, లాగి పరిస్తే బట్ట ఊరుకోదు, కోసిన తరువాత తన లెక్క తాను చూసుకుంటుంది” అన్నాడు. పాతకాలపు మనిషి మాటగా తీసుకుని, “చూద్దాంలే అన్నా” అని ముందుకు నడిచాను.

ఐదు రోజుల్లో 1200 కవర్లు పూర్తయ్యాయి. కొనుగోలుదారు గోదాములో తనిఖీకి నేనే వెళ్లాను. అంతటి సరుకులో 80 కవర్లను యాదృచ్ఛికంగా తీసి చూస్తారు. మా ఒప్పందం ప్రకారం అందులో లోపం ఉన్నవి ఐదు దాకా ఉండవచ్చు, ఆరు దొరికితే మొత్తం సరుకు తిరస్కరించినట్లే. తనిఖీ అధికారి టేపు ఒక కొసను నా చేతికిచ్చి పట్టుకోమన్నాడు. 200 సెంటీమీటర్లు ఉండవలసిన పొడవు మొదటి కవరులో 199న్నర వచ్చింది. రెండోది 197. ఒప్పందంలో వెసులుబాటు ఒకటిన్నర సెంటీమీటరు మాత్రమే. నాలుగోది 197, ఏడోది 196న్నర. ఆరో లోపం ఇరవయ్యో కవరు దాటకుండానే దొరికింది. అక్కడితో ఆపివేయవచ్చు, కానీ ఆయన ఆపలేదు. మిగిలిన అరవై కవర్లనూ నా చేతనే టేపు పట్టించి కొలిచాడు, ప్రతి పొట్టి కవరుకూ కొలతను పైకి చదివాడు. పక్క బల్లల దగ్గర తమ సరుకుతో వచ్చిన వాళ్లు నలుగురైదుగురు పని ఆపి చూస్తున్నారు. చివరికి ఒక రజాయి తెప్పించి మా కవరులో దూర్చి, మూలల్లో ఉండలు కట్టిన దూదిని వాళ్లందరికీ చూపించాడు. 80లో 23 పొట్టివి. తిరస్కరించడం ఆయన ధర్మం, అందులో తప్పు పట్టను. ఆ రజాయి తెప్పించడం మాత్రం ధర్మం కాదని నేటికీ అంటాను.

తిరిగి వచ్చిన సరుకును ముందు వేసుకుని కూర్చుంటే కారణం అంతుపట్టలేదు. ప్రతి ముక్కనూ 412 సెంటీమీటర్లకే కోశాము. కోసిన వెంటనే బల్ల మీదే కొలిచిన లెక్కలు కాగితం మీద ఉన్నాయి. గుడ్డ టేపు సాగిందేమోనని ఇనుప టేపుతో కొలిచాను, అదే కొలత. ఫోల్డరు ఎక్కువ బట్టను మింగుతోందేమోనని నోటి మడతలు విప్పించాను, సరిగానే ఉన్నాయి. అప్పుడు నా కోపం నోటి మడతలు కుట్టే అక్క మీదికి మళ్లింది. వేగం కోసం కొసలను అడ్డదిడ్డంగా తోస్తోందని అందరి ముందూ ఆమెను నిందించాను. ఆమె ఒక్క మాటా అనకుండా లేచి వెళ్లి, ఆ తరువాత కొన్ని రోజులు పనికి రాలేదు. గోదాములో ఒక మనిషి నాకు చేసినదాన్నే నేను తిరిగి వచ్చిన మర్నాడు ఇంకొకరికి చేశాను.

దారి చూపింది కట్టల మీద అంటించే చీటీలు. ప్రతి కవరు ఏ తానులోది, అందులో ఎన్నో పొర అన్నది మేము చీటీ మీద రాస్తాము. మూడు రోజులు కూర్చుని 1200 కవర్లూ కొలిచి, ఆ అంకెల పక్కన పొడవులు రాసుకున్నాను. ఒక్కో తానుకు సుమారు 24 కవర్లు వస్తాయి. పొట్టివి మొత్తం 340 లెక్కతేలాయి. అవన్నీ దాదాపు ఆయా తానుల మొదటి పది పన్నెండు పొరల్లోవే. తాను చివరి పొరల కవర్లు ఒక్కటి కూడా తప్పలేదు. ఎవరో ఒకరి చేతి పొరపాటైతే ఇంత క్రమంగా రాదు. నిండు తాను బరువుగా ఉంటుంది, కడ్డీ మీద అది తిరగాలంటే గట్టిగా లాగాలి, ఆ బిగువుకు బట్ట సాగుతుంది. తాను తరిగేకొద్దీ తేలికవుతుంది, లాగే బలం తగ్గుతుంది, సాగడమూ తగ్గుతుంది. క్లిప్పుల మధ్య బిగిసి ఉన్నప్పుడు, కోశాక కూడా పొరలు ఒకదానినొకటి అదిమి పట్టుకుని ఉన్నంతసేపు, కొలత సరిగ్గానే కనిపిస్తుంది. ముక్కలు విడివడి ఒక రాత్రి గడిస్తే బట్ట పొడవునా సాగే పడుగు పోగులు తమ అసలు పొడవుకు వచ్చేస్తాయి.

అనుమానం తీరడానికి నిండు తాను నుంచి ఒక ముక్కను మా కొత్త పద్ధతిలో లాగి, ఇంకొకదాన్ని తానును చేత్తో తిప్పుతూ వదులుగా పరిచి, రెండింటినీ 412కే కోసి రాత్రంతా వదిలేశాను. తెల్లవారి కొలిస్తే లాగినది 406, వదులుగా పరిచినది 411న్నర. ఆరు సెంటీమీటర్లు మడతలో సగమైతే మూడు, గోదాములో తేలిన తేడా కూడా సరిగ్గా అంతే. ఆ ఉదయమే పెద్దాయనకు రెండు ముక్కలూ చూపించి నా తప్పు ఒప్పుకున్నాను. మధ్యాహ్నం ఆ అక్క ఇంటికి వెళ్లి క్షమించమని అడిగి, మర్నాడు ఆమె పనికి వచ్చాక నిందించిన చోటే, అందరూ ఉండగా, మళ్లీ అడిగాను.

ఇప్పుడు తానులు ముందురోజే విప్పుతున్నాము. పరిచేటప్పుడు ఒకరు తానును తిప్పుతుంటే ఇంకొకరు బట్టను పట్టుకుని నడుస్తారు, లాగరు. ఇందువల్ల దొంతరకు 25 నిమిషాలు ఎక్కువ పడుతున్నా కుట్టులో మిగిలిన సమయంతో పోలిస్తే అది లెక్కలోకి రాదు. ప్రతి తాను మొదటి ముక్కను విడిగా తీసి కొలిచాకే మిగతావి పరుస్తాము. కొలత తేడా వస్తే పని ఆపే అధికారం నాతోపాటు బల్ల దగ్గర ఉన్న ప్రతి ఒక్కరికీ ఇచ్చాను. ఈ పద్ధతి నేను కనిపెట్టినది కాదు. కార్లకు పేరుపడిన టయోటా సంస్థకు మూలపురుషుడైన సకిచి టయోడా 1924లో పూర్తిచేసిన మగ్గం, దారం తెగిన వెంటనే తనంతట తానే ఆగిపోయేది. బట్ట నేసే పనిలో పుట్టిన ఆ సూత్రం బట్ట కోసే నాకు ఇంత ఆలస్యంగా తలకెక్కడం బాధగానే ఉంది.

ఉతికితే దిగే కొలత వేరే సంగతి, దాన్ని దీనితో కలపకండి. కొత్త రకం బట్ట రాగానే దాని మీద 50 సెంటీమీటర్ల చదరం గీసి, వాడేవారు ఉతికినట్లే ఉతికి ఆరబెట్టి కొలవండి. 48న్నర వస్తే నూటికి మూడు దిగినట్లు. ఉతికాక కూడా 200 నిలవాలంటే 206 కంటే కాస్త ఎక్కువ ఉంచుకోవాలి. నేత మిల్లు వాళ్లు నోటిమాటగా చెప్పే అంకెను మాత్రం నమ్మవద్దు. నాకు చెప్పిన అంకెలో సగం కూడా నిజం లేదు.

వెనక్కి వచ్చిన వాటిలో కొలత సరిగా ఉన్న 860 కవర్లను ఉతికించకుండానే తిరిగి మడిచి, పొట్టివాటి స్థానంలో 340 కొత్తవి కుట్టి, ఈ సరుకు పూర్తిచేశాము. ఈసారి 80 కవర్లలో పొట్టిది ఒక్కటీ లేదు, దారాలు వేలాడుతున్నవి మాత్రం రెండు దొరికాయి. తరువాతి ఆర్డరుకు పన్నెండు తానులు ఈ సాయంత్రమే విప్పి అరల్లో వదులుగా వేశాము. రేపు ఉదయం మొదటి ముక్కను కొలిచేది నోటి మడతలు కుట్టే ఆ అక్కే.