చార్టు తాకలేదు, స్టాప్ లాస్ మాత్రం తగిలింది

కరెన్సీ ట్రేడింగ్‌లో యూరో-డాలర్ మరీ నెమ్మదిగా ఉందని డాలర్-రాండ్ (రాండ్ అంటే సౌతాఫ్రికా కరెన్సీ) లాంటి కరెన్సీ జంటల వైపు చూస్తున్న కొత్తవాళ్ల కోసం ఇది రాస్తున్నాను, ఎందుకంటే నేనూ అలాగే వెళ్లాను.

డాలర్‌కి 18.4200 రాండ్ల దగ్గర 10,000 డాలర్లు అమ్మి, 18.4700 దగ్గర స్టాప్ లాస్ పెట్టాను, అంటే ధర అక్కడికొస్తే నష్టం పెరగకుండా ట్రేడ్‌ని దానంతటదే మూసేసే ఆర్డర్. సౌతాఫ్రికాలో వడ్డీ రేటు అమెరికా కంటే ఎక్కువ కాబట్టి డాలర్ అమ్మి రాండ్ పట్టుకుంటే రోజూ కొంత స్వాప్, అంటే ఆ వడ్డీల తేడా, ఖాతాలో పడుతుంది, నన్ను లాగింది అదే. పడుకుని లేచి చూస్తే నా పొజిషన్ (తెరిచి ఉంచిన ట్రేడ్) లేదు. 18.4780కి క్లోజ్ అయిపోయింది. 580 రాండ్లు, అంటే దాదాపు 31 డాలర్లు పోయాయి. చార్టు తెరిచి చూస్తే అంతసేపట్లో హై 18.4350 మాత్రమే!

బ్రోకర్ మోసం చేశాడనే అనుకున్నాను. కానీ సంగతి వేరే. చాలా ప్లాట్‌ఫారాల్లో మామూలుగా చార్టు చూపించేది బిడ్ ధర, అంటే మనం అమ్మితే వచ్చే ధర, ఒక్కటే. మనం అమ్మి ఉన్నాం కాబట్టి బయటపడాలంటే మళ్లీ కొనాలి, అది ఆస్క్ ధరకే (మనం కొనాలంటే ఇవ్వాల్సిన ధర), అందుకే మన స్టాప్ కూడా ఆస్క్‌నే చూస్తుంది. పగటిపూట నాకు ఈ రెండింటి మధ్య తేడా, అంటే స్ప్రెడ్, 0.0090 ఉండేది. న్యూయార్క్‌లో సాయంత్రం 5 గంటలకి, ఒక రోజు లెక్క ముగిసి ఇంకో రోజు మొదలయ్యే సమయంలో, ధరలిచ్చే బ్యాంకులు వెనక్కి తగ్గుతాయి, అప్పుడు ఆ తేడా కాసేపు 0.04 దాటేసింది. స్వాప్ లెక్క కట్టేది కూడా సరిగ్గా ఆ సమయానికే.

ఆ స్వాప్ ఎంతో తెలుసా? ఒక రాత్రికి డాలరు కూడా రాదు. పొజిషన్ తీసుకున్నప్పుడు స్ప్రెడ్ కిందే దాదాపు 5 డాలర్లు పోయాయి, అంటే ధర కదలకుండా ఉన్నా ఆ స్ప్రెడ్ తిరిగి రావడానికే కనీసం ఐదారు రాత్రులు కావాలి. ఈ లెక్క ట్రేడ్‌కి ముందే వేసుకోవాల్సింది.

స్టాప్ పెట్టాం కదా అని ధీమాగా ఉండకండి, అది ఆ ధరకే హామీ కాదు. 2016 జనవరి 11న ఆసియా మార్కెట్లు అప్పుడే తెరుచుకుంటున్న వేళ రాండ్ నిమిషాల్లోనే 9 శాతం దాకా పడిపోయి డాలర్‌కి 18 దాకా వెళ్లింది. అలాంటప్పుడు మధ్యలో మన ఆర్డర్ తీసుకునేవాళ్లే దొరకరు.

ఇప్పుడు నా సైజు 2,000 డాలర్లే. లండన్ మార్కెట్ నడుస్తున్నప్పుడే, అదీ లిమిట్ ఆర్డర్‌తోనే (నేను చెప్పిన ధరకి లేదా అంతకంటే మంచి ధరకే జరిగే ఆర్డర్) దిగుతాను, న్యూయార్క్ 5 గంటల లోపు బయటికొచ్చేస్తాను. సెట్టింగ్స్‌లో ఆస్క్ గీత కూడా ఆన్ చేసుకున్నాను, మీరు ఈ ఒక్క పని అయినా ఈరోజే చేయండి.

మొన్న ట్రేడ్ ఏమీ లేకుండానే ఆ సమయానికి మేలుకుని ఆ రెండు గీతల్నీ చూస్తూ కూర్చున్నాను. బిడ్ దాదాపు ఉన్నచోటే ఉంది. ఆస్క్ ఒక్కసారిగా పైకి ఎగిరి, కొన్ని నిమిషాలు అక్కడే ఉండి, మెల్లగా దిగి మళ్లీ దాని పక్కకి చేరింది.